అంకె పెరిగింది, అన్నం తగ్గింది

మెల్‌బోర్న్ పడమటి శివారులో నాలుగేళ్లుగా ఉంటున్న ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమెది ప్రకాశం జిల్లా. వయసు ముప్ఫై మూడు, ఒడిలో పది నెలల పాప. కాన్పు తరువాత మిగిలిపోయిన పదకొండు కిలోల బరువు తగ్గించుకోవాలని, పాపకు నాలుగో నెల వచ్చినప్పటి నుంచి తిన్నదల్లా ఫోన్‌లోని ఒక యాప్‌లో రాసుకుంటున్నారు. ఎత్తు, బరువు, వయసు, తగ్గవలసిన కిలోలు, ఈ నాలుగే అడిగి ఆ యాప్ ఆమెకు రోజుకు 1,400 క్యాలరీల పరిమితి పెట్టింది. ఆరు నెలలుగా ఆమె ఆ గీత దాటలేదు. మూడు నెలల క్రితం అక్కడి డైటీషియన్ దగ్గరకు వెళితే, ఆవిడ రోజుకు 8,000 కిలోజౌళ్ల దగ్గర ఉండమని కాగితం మీద రాసిచ్చారు. ఆ రెండు అంకెలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మూడు వారాల క్రితం ఆమె భర్త, ఈ దేశంలో ప్రతి ప్యాకెట్టు మీదా కిలోజౌళ్లే ఉంటాయి కనుక లెక్క తేలికవుతుందని, ఆమెకు చెప్పకుండా యాప్‌లోని యూనిట్ మార్చారు. ఆమె ఫోన్ తెరిచేసరికి పరిమితి 5,858 అని కనిపించింది. పొద్దున తిన్న రెండు పెసరట్లు 1,046 అయ్యాయి. "లెక్క తెలియక కాదు, బీటెక్ చదివినదాన్ని. అయినా రెండు పెసరట్లకే వెయ్యి దాటిందా అనిపించి గుండె జారిపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టబుద్ధి కాలేదు" అని రాశారు. అప్పటి నుంచి వారంలో నాలుగు రాత్రులు మజ్జిగతో సరిపెట్టుకుంటున్నారు. రెండుసార్లు కళ్లు తిరిగాయి, జుట్టు ఊడుతోంది, పాలు తగ్గాయేమోనని అనుమానం. హైదరాబాదులో ఉండే అక్కయ్య కూడా అదే యాప్ వాడతారు. రోజూ సాయంత్రం ఇద్దరూ లెక్కలు పోల్చుకుంటారు. వెంటనే క్యాలరీలకు మార్చెయ్యమని అక్కయ్య అంటున్నారు. అంకె మారిందే గాని తిండి మారలేదు కదా, ఇందులో బాధపడడానికేముందని భర్త అంటున్నారు. ఉత్తరం చివర ఆమె ఇంకో సంగతి రాశారు: నాలుగు నెలలుగా దాదాపు రోజూ మధ్యాహ్నం తినే మ్యూజ్లీ బార్ (ఓట్స్, ఎండుపళ్లు కలిపి చేసే చిరుతిండి) వివరాలు తానే టైపు చేసి యాప్‌లో ఎక్కించుకున్నారు, ప్యాకెట్టు మీద 620 ఉంటే, ఇప్పుడు యాప్ దాన్ని 2,594 అని చూపిస్తోంది. "తప్పు యాప్‌దా, నాదా? ఏ యూనిట్ ఉంచుకోవాలి? పాత లెక్కలన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ఏ యూనిట్ ఉంచుకోవాలన్న ప్రశ్నకు తరువాత వస్తాను. ముందు, మీరు చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన మ్యూజ్లీ బార్ సంగతి చూడాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది అదే.

ఒక క్యాలరీ అంటే 4.184 కిలోజౌళ్లు. 2,594ను 4.184తో భాగించి చూడండి, 620 వస్తుంది. దాన్నిబట్టి ఏం జరిగిందో తెలుస్తూనే ఉంది. యాప్ క్యాలరీల్లో ఉన్న రోజుల్లో మీరు ప్యాకెట్టు మీది అంకెను చూసింది చూసినట్టుగా క్యాలరీల గడిలో ఎక్కించారు. కానీ ప్యాకెట్టు మీది 620 కిలోజౌళ్లు. క్యాలరీల్లో అది 148 మాత్రమే. మీరు 148 తిని 620 తిన్నట్టు రాసుకున్నారు. మీవారు యూనిట్ మార్చినప్పుడు యాప్ ఆ 620ని నిజంగానే క్యాలరీలనుకుని 4.184తో గుణించి 2,594 చేసింది. యాప్ గుణకారం సరిగానే చేసింది, గుణించడానికి దానికి అందిన అంకే తప్పు. అయినా దీన్ని మీ తెలివితక్కువతనంగా లెక్కవేసుకోకండి. ఊహ తెలిసినప్పటి నుంచి బిస్కెట్టు ప్యాకెట్టు మీద క్యాలరీలే చూసిన మనిషి, పసిపిల్లను ఒక చంకన వేసుకుని మరో చేత్తో టైపు చేస్తున్నప్పుడు, అంకె పక్కనున్న రెండు చిన్న అక్షరాలను (kJ, అంటే కిలోజౌళ్లు) గమనించకపోవడంలో వింతేమీ లేదు.

వింత లేకపోయినా దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. బార్ తిన్న రోజున యాప్ మొత్తం 1,400 చూపించిందనుకుందాం. అందులోంచి 620 తీసేసి 148 కలిపితే 928 అవుతుంది. కిలోజౌళ్లలో చెప్పాలంటే సుమారు 3,880. డైటీషియన్ రాసిచ్చిన 8,000లో సగం కూడా కాదు. గీత దాటలేదని మీరు ఊరట పొందిన రోజుల్లో చాలావాటిలో మీరు అర్ధాకలితో ఉన్నారు. అదీ యూనిట్ మార్చకముందే. మూడు వారాలుగా రాత్రిభోజనం మానడం దాని మీద వచ్చి పడింది.

ఇక రెండు పరిమితుల సంగతి. యాప్ పెట్టిన 1,400 క్యాలరీలు అంటే 5,858 కిలోజౌళ్లు. డైటీషియన్ చెప్పిన 8,000 కిలోజౌళ్లు అంటే 1,912 క్యాలరీలు. రెండింటికీ తేడా 512 క్యాలరీలు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫార్సుల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి ఏడాది దాకా పాలిచ్చే తల్లికి, మామూలు అవసరానికి పైన రోజుకు 520 క్యాలరీలు అదనంగా కావాలి. మొదటి ఆరు నెలల్లో అయితే 600. డైటీషియన్ తన లెక్క ఎలా కట్టారో ఆవిడనే అడగండి. కానీ మీకు కనిపించిన తేడా, పాలిచ్చే తల్లికి కావలసిన అదనపు శక్తి, దాదాపు ఒక్కటిగా ఉండడం గమనించదగినది. యాప్ మిమ్మల్ని నాలుగే ప్రశ్నలు అడిగింది, అందులో పాప లేదు. డైటీషియన్ మీ ఒడిలోని పాపను చూసి రాసి ఉంటారు. మూడు నెలలుగా ఒక అంకె కాగితం మీద ఒక భాషలో, ఇంకో అంకె ఫోన్‌లో మరో భాషలో ఉండిపోవడం వల్ల రెండూ పొసగవన్న సంగతి ఎవరికీ తెలియలేదు. మీవారు అడగకుండా చేసిన పని వల్లనే, అనుకోకుండా, అది ఇప్పుడు బయటపడింది.

మిగతా విషయాల్లో ఒకటికి రెండు దారులు చెబుతాను గాని ఈ ఒక్క విషయంలో మాత్రం దారులు లేవు. కళ్లు తిరగడం, జుట్టు ఊడడం, పాలు తగ్గాయన్న అనుమానం, ఈ మూడూ కలిసినప్పుడు ముందు మీ జీపీ (అక్కడి కుటుంబ వైద్యులు) దగ్గరకు వెళ్లాలి. కాన్పు తరువాత జుట్టు ఊడడం చాలామందిలో మామూలే, దానంతటదే తగ్గుతుంది కూడా. రక్తహీనత వల్లనో థైరాయిడ్ వల్లనో కూడా ఇవే లక్షణాలు రావచ్చు. తిండి చాలకపోవడం వల్లనూ రావచ్చు. వీటిలో ఏదన్నది రక్తపరీక్ష చేసి వైద్యులు చెప్పవలసిందే గాని నా ఉత్తరం తేల్చదు. విక్టోరియా రాష్ట్రంలో తల్లీబిడ్డలను చూసే నర్సుల సేవ మీకు అందుబాటులో ఉంది కదా, పాప బరువు ఎలా పెరుగుతోందో వారి దగ్గర చూపించండి. పాలు చాలుతున్నాయా లేదా అన్నది మీ అనుమానం కంటే ఆ తూకం బాగా చెబుతుంది. డైటీషియన్‌ను కలిసేదాకా రాత్రిపూట అన్నం మానకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. క్యాలరీ, కిలోజౌల్ రెండూ ఒకే శక్తికి రెండు కొలతలు. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే ఉష్ణాన్ని క్యాలరీ అనడం 19వ శతాబ్ది తొలినాళ్లలో పారిస్‌లో నికొలా క్లెమాఁ చెప్పిన పాఠాలతో మొదలైంది. తరువాత శాస్త్రజ్ఞులు గ్రాము నీటికి సరిపడే చిన్న క్యాలరీని వాడుకలోకి తెచ్చారు గనుక, ఆహారంలో మనం మామూలుగా క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ. జౌల్ వేడి నుంచి కాక పని నుంచి పుట్టిన కొలత. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ నీళ్లలో తెడ్లు తిప్పి, ఎంత పని ఎంత వేడిగా మారుతుందో కొలిచాడు. వేడికీ పనికీ ఒకే యూనిట్ ఉండాలని 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ జౌల్‌ను ఎంచుకుంది. ఆస్ట్రేలియా 1970లో చట్టం చేసి మెట్రిక్ కొలతలకు మారింది. ఆ దారిలోనే ఆహారం కూడా కిలోజౌళ్లలోకి వచ్చింది. మన దేశంలో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం లేబుళ్ల మీద కిలోక్యాలరీలే ఉంటాయి, రోజుకు 2,000 కిలోక్యాలరీలను ఆధారంగా తీసుకుని శాతాలు వేస్తారు. మీరున్న చోట లేబుళ్లు సగటు మనిషికి 8,700 కిలోజౌళ్లని చెబుతాయి, అంటే సుమారు 2,080 క్యాలరీలు. చూశారా, రెండు దేశాలూ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి.

ఇదంతా మీకు తెలుసు, మీరే రాశారు. తెలిసినా గుండె జారడం ఎందుకంటే, అంకె అర్థమవడం వేరు, అంకె బరువు తెలియడం వేరు. మీరు కొత్తగా ఆ దేశం వెళ్లిన రోజుల్లో ఒక కాఫీకి ఐదు డాలర్లనగానే మనసులో రూపాయల్లోకి మార్చుకుని తాగకుండా వెనక్కి వచ్చి ఉంటారు. కొన్ని నెలలకు డాలరు డాలరుగానే తోచడం మొదలై ఉంటుంది. 1,400 అన్నది మీకు ఆరు నెలల అలవాటు. వంద అంటే ఎంత, మూడు వందలంటే ఎంత అన్నది మీ చేతికి తెలుసు. 1,046 అన్నప్పుడు ఆ చేతికి పాత వెయ్యే తోచింది. పాత లెక్కలో వెయ్యి అంటే రోజులో మూడు వంతుల తిండి. అందుకని మీ భయం అర్థం లేనిది కాదు, కానీ దాని వెనక ఉన్న అంకె మీది కాదు. మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉంటే ఈ సంగతి ఇంకా తేలికగా బోధపడుతుంది: ఇండియాలో 126 అని చూపే రక్తపరీక్ష అక్కడి మీటరులో 7 అని చూపిస్తుంది. ఏడే వచ్చిందని సంబరపడి ఎవరూ మాత్ర మానెయ్యరు.

యాప్‌ను కిలోజౌళ్లలోనే ఉంచుకోవడం మీ ముందున్న ఒక దారి. దీనిలో నాకు కనిపించే పెద్ద లాభం, మీ కళ్లెదుట ఉన్న కాగితాలన్నీ ఒకే మాట మాట్లాడడం. డైటీషియన్ రాసిన 8,000, ప్యాకెట్టు మీది 620, ఒకే పేరుతో చాలాచోట్ల నడిచే పెద్ద హోటళ్లలో ధరల పక్కన వేసే అంకెలు (విక్టోరియాలో 2018 నుంచి అవి తప్పనిసరి) ఏవీ మార్చుకోనక్కర లేకుండా యాప్‌తో సరిపోతాయి. పైగా తప్పుగా ఎక్కించినవి తమంతట తామే పట్టుబడతాయి. బార్ అలాగే కదా పట్టుబడింది. ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని వారాలు అంకెలు పరాయివిగా తోస్తాయి. ఇండియన్ స్టోర్‌లో కొనే మన ప్యాకెట్ల మీద కిలోక్యాలరీలు ఉంటాయి, వాటిని ఎక్కించేటప్పుడు ఇదే పొరపాటు తిరగబడి జరగవచ్చు: 450 క్యాలరీల మిక్చరును 450 కిలోజౌళ్లుగా రాసుకుంటే ఉన్నదానిలో నాలుగో వంతే కనిపిస్తుంది. ఈ దారి ఎంచుకుంటే మీ పరిమితిని 5,858 దగ్గర వదిలేయకుండా 8,000కు మీరే మార్చుకోవాలి, ఎందుకంటే యూనిట్ మార్చినంత మాత్రాన లక్ష్యం మారదు, దాన్ని రాసిన తీరు మాత్రమే మారుతుంది.

క్యాలరీలకు తిరిగి వెళ్లడంలో కూడా తప్పేమీ లేదు. అక్కయ్య చెప్పింది మొండితనంతో చెప్పిన మాటగా నాకు అనిపించలేదు. చెల్లెలు భయపడుతుంటే భయపెట్టేదాన్ని తీసేయమంటున్నారు. పాత అంకెలు కనిపిస్తే ఈ రాత్రే మీకు ప్రాణం కుదుటపడి అన్నం తినగలిగితే, అది చిన్న లాభం కాదు. అప్పుడు లక్ష్యం 1,912 అవుతుంది, గుర్తుంచుకోవడానికి 1,900 అనుకోవచ్చు. అయితే ప్యాకెట్టు మీది అంకెను చేత్తో ఎక్కించడం ఇక పూర్తిగా మానాలి. బార్‌కోడ్ స్కాన్ చేసి, వచ్చిన అంకెను లేబుల్‌తో పోల్చి చూసుకోవాలి. పోల్చడానికి ఒక తేలిక లెక్క ఉంది: కిలోజౌళ్లను నాలుగుతో భాగించి, వచ్చినదానిలో వందకు నాలుగైదు తగ్గించండి. 620ని నాలుగుతో భాగిస్తే 155, అందులోంచి ఏడు తీస్తే 148. కొన్ని ప్యాకెట్ల మీద రెండు అంకెలూ ఉంటాయి, అక్కడ ఈ పనీ లేదు. ఈ దారిలో ఉన్న కష్టమేమిటంటే, డైటీషియన్ దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ ఒకరు ఒక భాషలో, ఇంకొకరు ఇంకో భాషలో మాట్లాడుకోవాలి. మూడు నెలలు నష్టం చేసింది అదే.

ఇంకొక దారి, బహుశా మీరు ఊహించనిది: కొన్నాళ్లు శక్తి లెక్కే కట్టకపోవడం. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో నోటుపుస్తకంలో మామూలు మాటల్లో రాసుకుని, లెక్క కట్టే పని డైటీషియన్‌కు వదిలేయడం. దీని గురించి ఎందుకు చెబుతున్నానంటే, మీ ఉత్తరంలో "గీత" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. అంకె ఏ యూనిట్‌లో ఉన్నా దాన్ని చూడగానే తిండి మానబుద్ధి కావడం, తిన్నాక తప్పు చేసినట్టు అనిపించడం, రాత్రి పడుకునే ముందు మళ్లీ మళ్లీ తీసి చూడడం లాంటివి ఉంటే, అవి సెట్టింగ్‌తో పోయేవి కావు. అలా ఉంటే దాచుకోకుండా జీపీతో చెప్పండి. తిండి విషయంలో మనసు పడే కష్టాలకు అక్కడ బటర్‌ఫ్లై ఫౌండేషన్ అనే సంస్థ ఉంది, ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఈ దారిలో బరువు తగ్గడం నెమ్మదించవచ్చు, అక్కయ్యతో సాయంత్రపు పోలికలు ఆగిపోతాయి. బిడ్డ పాలు తాగే వయసులో ఆ నెమ్మది వల్ల మీకు నష్టం కలుగుతుందని నేను అనుకోను.

మీ పరిస్థితిలో నేనుంటే, రెండు మూడు వారాలు నోటుపుస్తకం రాసి, ఆ తరువాత కిలోజౌళ్లకు వెళ్తాను. కానీ ఆ అంకెలతో రోజూ బతకవలసింది మీరు. మీ చేతికి ఏది సుఖంగా ఉంటుందో నా కంటే మీకే బాగా తెలుసు.

యాప్ ఉంచుకునేట్టయితే, మీరు చేత్తో ఎక్కించినవన్నీ ఒకసారి జల్లెడ పట్టాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆహారంలో అన్నిటికంటే ఎక్కువ శక్తి ఉండేది కొవ్వులో, గ్రాముకు తొమ్మిది క్యాలరీలు. కనుక నెయ్యయినా నూనెయినా వంద గ్రాములకు 900 క్యాలరీలు దాటే అవకాశమే లేదు, కిలోజౌళ్లలో సుమారు 3,770 దాటదు. మీ యాప్‌లో ఏదైనా వంద గ్రాములకు 900 క్యాలరీలు మించి కనిపిస్తే అది కచ్చితంగా తప్పు. 900 లోపు ఉన్నవాటికి లేబుల్ మీది మిగతా అంకెలే సాక్ష్యం. ఆస్ట్రేలియా లేబుళ్లకు మాంసకృత్తులు గ్రాముకు 17 కిలోజౌళ్లు, పిండిపదార్థాలకు 17, కొవ్వుకు 37, పీచుకు 8 చొప్పున లెక్కవేస్తారు. ఒక బార్‌లో మాంసకృత్తులు రెండున్నర గ్రాములు, పిండిపదార్థాలు 22, కొవ్వు 5, పీచు రెండుంపావు గ్రాములు ఉన్నాయనుకోండి. మొదటి రెండూ కలిపి 416, కొవ్వుకు 185, పీచుకు 18. మొత్తం 620 దరిదాపుల్లో వస్తుంది. అంతటి చిన్న బార్‌లో 620 క్యాలరీలు ఇమడవని అప్పుడు దానంతటదే తేలుతుంది. చేతికి గడియారం పెట్టుకుని నడిచే అలవాటుంటే, అది యాప్‌కు పంపే శక్తి ఏ యూనిట్‌లో వెళ్తోందో కూడా ఒక నడక తరువాత రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంటివంట విషయం వేరు. గోంగూర పప్పుకూ పెసరట్టుకూ బార్‌కోడ్ ఉండదు. అక్కయ్య పంపిన పాత పుస్తకం పేజీలో బియ్యం వంద గ్రాములకు 345 అని ఉంటే, మీకు దొరికిన కొత్త పట్టికలో 1,491 ఉందని ఇంకో సందేహం రాశారు. రెండూ మన పోషకాహార సంస్థవే. పాత పుస్తకం విలువలు కిలోక్యాలరీల్లో ఉన్నాయి; 2017లో వచ్చిన భారతీయ ఆహార పట్టికలు కిలోజౌళ్లలో ఇచ్చాయి. 1,491 అంటే 356 క్యాలరీలు. మిగిలిన పదకొండు క్యాలరీల తేడాకు యూనిట్‌తో సంబంధం లేదు; కొత్తగా మళ్లీ విశ్లేషించినప్పుడు విలువలు కొంత మారడం సహజం. మన వంటల్లో లెక్క తప్పేది ఇక్కడ కాదు, పచ్చి బియ్యానికీ వండిన అన్నానికీ తేడా చూసుకోకపోవడంలో తప్పుతుంది. వంద గ్రాముల బియ్యం నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు వందల గ్రాముల అన్నమవుతుంది. అన్నాన్ని తూచి బియ్యం విలువ వేసుకుంటే తిన్నదానికి రెండింతల పైన కనిపిస్తుంది. మీ వంటకాలు ఎలా ఎక్కించారో రాయలేదు. ఒకసారి ఇదీ చూడండి.

మీవారి మాటకు వస్తాను. అంకె మారిందే గాని తిండి మారలేదన్నది లెక్క ప్రకారం నిజం. కానీ మీ ఇంట్లో జరిగింది దానికి విరుద్ధం: అంకె మారింది, దాంతో తిండి మారింది. ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పండి, నిష్ఠూరంగా కాక, బార్ తిన్న రోజున ఎంత తిన్నారో తేలిన 928 అంకెను ఆయన ముందు పెట్టి. ఆయనకు లెక్క మీద ఉన్న మక్కువ ఇక్కడ ఉపయోగపడుతుంది; చేత్తో ఎక్కించిన ప్యాకెట్లను సరిచూసే పని ఆయన చేతిలో పెట్టండి. ఇక మీద మీ ఫోన్‌లో ఏదైనా మార్చాలంటే ముందు మిమ్మల్ని అడగాలన్నది కూడా అప్పుడే తేల్చుకోవచ్చు. అక్కయ్య యాప్‌లో క్యాలరీలు, మీ యాప్‌లో కిలోజౌళ్లు ఉంటే కలిసి మాట్లాడుకోవడం ఆగిపోతుందన్న దిగులు మీకుంది. చాలా యాప్‌లలో యూనిట్ ఎవరి ఖాతాకు వారిదే, ఆమెవి ఆమెకు క్యాలరీల్లోనే కనిపిస్తాయి. కానీ నలభై ఆరేళ్ల ఆమెకూ, పాలిచ్చే మీకూ ఒకే పరిమితితో పోటీ పొసగదు. సాయంత్రం మాటల్లో ఎంత తిన్నారన్నది కాకుండా ఏం వండుకున్నారన్నది ఉంటే మీ ఇద్దరికీ హాయిగా ఉంటుందేమో, ఆమెతోనే మాట్లాడి చూడండి.

పాత లెక్కలు చెరిపేయకండి. వాటిలో తప్పులున్నా, ఏ రోజున బార్ తిన్నారో, ఏ రాత్రి అన్నం మానారో అన్నీ అక్కడే ఉన్నాయి, డైటీషియన్‌కు కావలసింది అదే. ఆహారాల జాబితాలో బార్ విలువను 620 కిలోజౌళ్లుగా సరిదిద్దండి. దాంతో గడిచిన రోజుల మొత్తాలు కూడా వాటంతటవి మారాయో లేదో ఒక పాత తేదీ తెరిచి చూడండి, కొన్ని యాప్‌లలో మారవు. మారకపోతే నాలుగు నెలల్లో బార్ రాసిన రోజులెన్నో లెక్కపెట్టి, రోజుకు 472 క్యాలరీలు ఎక్కువగా రాసుకున్నానని ఒక కాగితం మీద రాసి, యాప్ పెట్టిన 1,400, ఆవిడ చెప్పిన 8,000 దాని కిందనే పక్కపక్కన రాసి, డైటీషియన్ దగ్గరకు తీసుకువెళ్లండి.